బస్టాండు ఖమ్మం, స్టేషను ఖమ్మం

వరంగల్లో చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఎవరు పరిచయమైనా రెండో మాటగా అడిగేది ఒకటే: మీ ఖమ్మం ఎటువైపు? కరీంనగర్ అమ్మాయి నా మాట విని నన్ను కోస్తా పిల్లగా జమకట్టేది. గుంటూరు అమ్మాయి అదే మాట విని నన్ను అచ్చమైన తెలంగాణ పిల్లని తేల్చేది. నేను ఇద్దరికీ తలూపి పుస్తకంలో దూరేదాన్ని. నాకు మాటలు నోటికంటే డైరీలో బాగా వస్తాయి. పైగా వాళ్ళకు సరైన జవాబు చెప్పాలంటే మా అక్క పెళ్ళి మొత్తం చెప్పాలి. అంతసేపు నలుగురి ముందు మాట్లాడే ధైర్యం అప్పట్లో లేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఎవరి మొహమూ చూడనక్కర్లేదు.

మాకు ఖమ్మం అంటే బస్టాండు. మా ఊరు భద్రాచలం వెళ్ళే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఊళ్ళో సగానికి పైగా కోయ కుటుంబాలు. నాన్న అక్కడి బళ్ళో పంతులు. పట్నంలో పని పడితే పొద్దున్నే ఎర్రబస్సెక్కి, టేకుచెట్ల మధ్య నుంచి, తునికాకు కల్లాల పక్క నుంచి వచ్చేవాళ్ళం. వైరా రిజర్వాయరు నీళ్ళు కనిపించగానే బస్సులో పిల్లలందరూ ఒకే కిటికీ మీద పడేవాళ్ళు. వైరా దాటితే గాలి మారుతుంది, పొలాలు చదునవుతాయి, ఇంకాసేపటికి ఖమ్మం. దిగగానే మైకులో ఊళ్ళ పేర్లు, మిరపకాయ బజ్జీల ఘాటు, చెరుకురసం మిషను గజ్జెల చప్పుడు. అదే పట్నం. ఎవరైనా ఖమ్మంలో కలుద్దామంటే బస్టాండులో అని వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ రైల్వే స్టేషను కూడా ఉందని మాకు తెలుసు. కానీ అది నాకు పుస్తకంలో చదివినట్టు తెలుసు, మా కాళ్ళకు తెలియదు.

అక్కకు సంబంధం ఎర్రుపాలెం పక్క ఊరి నుంచి వచ్చింది. అబ్బాయికి కరెంటాఫీసులో ఉద్యోగం, ఇంటికి కాలవ కింద పొలం. అదీ మా జిల్లానే, కాకపోతే వాళ్ళది ఆ కొస, మాది ఈ కొస. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలు అవి. ఏ ఊరు ఎక్కడికి చెందుతుందో పెద్దవాళ్ళకే అయోమయంగా ఉండేది. సంబంధం మాట వినగానే మా నాయనమ్మ నాన్నను నిలదీసింది.

"వాళ్ళు మనోళ్ళేనా?"

"మన జిల్లానే అమ్మా."

"జిల్లా సంగతి నేనడగలే. మనోళ్ళా కాదా అని."

నాన్న ఎన్నో తరగతులకు భారతదేశ పటం గీసి చూపించిన మనిషి. ఆ ప్రశ్నకు మాత్రం గొడుగు తీసుకుని బడికి బయల్దేరాడు.

పెళ్ళిచూపులకు అబ్బాయి, వాళ్ళ నాన్న, మేనత్త వచ్చారు. ఆ మేనత్త భారీ మనిషి, మాట అంతకంటే భారీ. అడవి మొదలైన దగ్గర్నుంచీ బస్సు కిటికీల రేకులన్నీ దింపించిందట, పులి చెయ్యి పెడుతుందని. ఇంట్లోకి రాగానే నన్ను పట్టుకుని, పులులు పగలు వస్తాయా, చీకటి పడ్డాకేనా అని అడిగింది. నేను తలుపు వెనక్కి వెళ్ళిపోయాను. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే నా పేరు కూడా అమ్మే చెప్పేది, పులుల సంగతి నేనేం చెబుతాను.

అమ్మ పళ్ళెంలో తునికి పళ్ళు పెట్టి ఇచ్చింది. అబ్బాయి ఎప్పుడూ తిన్నట్టు లేదు. గింజ పంటికి అతుక్కుని, అది వదిలించుకోలేక, నోరు తెరవలేక, వాళ్ళ నాన్న అడిగినదానికి ఊ అంటూ కూర్చున్నాడు. అది చూసి తలొంచుకుని ఉన్న అక్క భుజాలు కదిలాయి. అతను అది గమనించాడు. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరు చీర కొంగు చాటున, ఒకరు జేబురుమాలు చాటున నవ్వుకున్నారు. పెద్దవాళ్ళు ఉద్యోగం సంగతులు, పొలం సంగతులు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

వాళ్ళు వెళ్ళిన మర్నాటి నుంచి అక్క బట్టలుతుకుతూ కూనిరాగాలు తీసేది. ఒకసారి బావి దగ్గర ఉన్నట్టుండి చేద ఆపి నాతో అంది: "ఈ సంబంధం గిట్ల తప్పిందనుకో, నేను మళ్ళ ఎవని ముందల కూసోను. అమ్మకు చెప్పకు." నేను చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు, ఎవరి కంటైనా పడుతుందని.

సంబంధం తప్పేలాగే ఉండేది, ఏ రోజుకారోజు. వాళ్ళు పెళ్ళికి అడవిలోకి రామన్నారు. మావాళ్ళు కాలవల్లోకి పోమన్నారు. ఒక సందేశం ఇటు, ఒక సందేశం అటు. చివరికి మధ్యవర్తి రెండు వైపులా నచ్చజెప్పి ఖమ్మంలో ఒక సత్రం మాట్లాడాడు. అది మీదీ కాదు, వాళ్ళదీ కాదు అన్నాడు. నాన్నకు అది నచ్చలేదు. ఖమ్మం మనదే, అడవి వాళ్ళంతా మొదట కాలు పెట్టే ఊరు అన్నాడు. అవతల వాళ్ళు కూడా అదే రోజు, ఖమ్మం ఎటూ మనదే కదా, మధిర సంతకు పోయినట్టు పోతాం అనుకుని ఒప్పుకున్నారని తర్వాత తెలిసింది. అట్లా ఒకే ఊరిని ఇద్దరూ తమదనుకోవడం వల్ల పెళ్ళి కుదిరింది.

ఒక్క విషయం మాత్రం వాళ్ళు గట్టిగా చెప్పి పంపారు. ఎదురుకోలు ఘనంగా జరగాలి. మగపెళ్ళివారు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెళ్ళివారు మేళతాళాలతో, పానకం బిందెతో ఎదురెళ్ళి పిలుచుకురావాలి. అది జరగకుండా వాళ్ళింటి మగపెళ్ళివారు ఏనాడూ ఊళ్ళో అడుగు పెట్టలేదట. నాన్న దానికేం లోటు రాదన్నాడు. పొద్దున్నే దిగుతారు, మీరు సిద్ధంగా ఉండండి అన్నాడు మధ్యవర్తి. ఎక్కడ దిగుతారని మావాళ్ళు అడగలేదు. ఎక్కడ దిగుతామో వాళ్ళూ చెప్పలేదు. సూర్యుడు ఎటు ఉదయిస్తాడని ఎవరైనా అడుగుతారా.

పెళ్ళి వైశాఖంలో. మా ఊరి పటేలు తాత నాన్నతో ముందే చెప్పేశాడు, పంతులు బిడ్డ పెళ్ళికి డబ్బులిచ్చి బ్యాండు మాట్లాడితే ఊళ్ళో ఎవరూ నీతో మాట్లాడరని. వాళ్ళ పిల్లలందరికీ నాన్నే అక్షరాలు దిద్దించాడు. అందుకని తెల్లవారుజామున బస్సు మీద మా పెట్టెలతో పాటు పెద్ద డోళ్ళు, నెమలి ఈకలు గుచ్చిన అడవిదున్న కొమ్ముల తలపాగాలు కూడా ఎక్కాయి. లోపల కోయ భాషలో పాటలు, డ్రైవరు పక్కన పానకం బిందె, నాయనమ్మ ఒళ్ళో పసుపు కుంకుమల పళ్ళెం.

ఖమ్మంలో అక్కతో పాటు మా ఇంటి ఆడవాళ్ళం సత్రానికి వెళ్ళాం. నాన్న, మేనమామ, నాయనమ్మ, ఆటకొచ్చిన ఆడవాళ్ళతో సహా ఊరివాళ్ళందరూ బస్టాండులోనే ఆగిపోయారు, ఎదురుకోలుకు. అక్కకు నలుగు పెట్టి తలంటారు. పట్టుచీర కట్టారు. జడ వేశారు. పురోహితుడు మొదట ఒకసారి వచ్చి, వచ్చారా అని అడిగాడు. జడ అల్లడం అయ్యాక మళ్ళీ అడిగాడు. మూడోసారి ఏమీ అడగకుండా గుమ్మంలో నిలబడి ఎండ వైపు చూశాడు. అది చూసి అమ్మ చేతిలోని గంధం గిన్నె కింద పెట్టేసింది.

సత్రంలో చేతులు ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. పోయి చూసి రమ్మంది అమ్మ. పట్నంలో నేనొక్కదాన్నే రిక్షా ఎక్కడం అదే మొదలు. గుమ్మం దాటబోతుంటే అక్క నా మణికట్టు పట్టుకుంది. చేయి చల్లగా ఉంది, ఆ ఎండల్లో. జల్దీ రా అని మాత్రం అంది.

రిక్షా బజారు వీధిలో వడ్లబస్తాల బండి వెనక ఇరుక్కుంది. ఎడమ వైపు బస్టాండు నుంచి మా డోలు వినిపిస్తోంది. ఊపిరి వచ్చింది. అంతలో కుడివైపు నుంచి సన్నాయి వినిపించింది. పెళ్ళిళ్ళ రోజులు, ఎవరిదైనా కావచ్చు అనుకున్నాను. కానీ ఆ సన్నాయి కదలడం లేదు. ఒకేచోట నిలబడి, వచ్చాం వచ్చాం అన్నట్టు ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ ఊదుతోంది, కాస్త విసుగ్గా కూడా. అటువైపు ఏముందో గుర్తు చేసుకున్నాను. ఎనిమిదో తరగతిలో నేనే రంగు పెన్సిలుతో గీసిన మా జిల్లా పటం కళ్ళ ముందుకొచ్చింది. అందులో అడ్డగీతల రైలుపట్టా. దాని మీద వరసగా ఎర్రుపాలెం, మధిర, బోనకల్, ఖమ్మం.

రిక్షా అటు తిప్పమని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ప్లాట్‌ఫాం మీద రేకుల షెడ్డు కింద మగపెళ్ళివారు పెట్టెల మీద, హోల్డాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో మేనత్త తాటాకు విసనకర్రతో. పక్కన పెళ్ళికొడుకు తెల్లబట్టల్లో, పేపరు చదువుతున్నట్టు పట్టుకుని. సన్నాయి ఆయన నన్ను చూసి ఊదడం ఆపి నుదురు తుడుచుకున్నాడు. అందరూ నా వైపు తిరిగారు. తలుపు వెనక్కి పోదామంటే అక్కడ తలుపు లేదు.

పెళ్ళికొడుకు గుర్తుపట్టాడు. మా మరదలు అని వాళ్ళ మేనత్తకు చెప్పాడు. ఆవిడ విసనకర్ర ఆపింది.

"ఒక్కదానివే వచ్చావా అమ్మాయ్ ఎదురుకోలుకి? మీ ఊళ్ళో మనుషులు లేరా, పులులేనా?"

గుంపంతా నవ్వింది. నేను తలదించుకుని నిలబడాల్సిన చోటు అది. కానీ అక్క చేతి చలవ ఇంకా నా మణికట్టు మీద ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు గాని మాట వచ్చేసింది.

"పులులు బస్టాండ్ల ఉన్నయత్తా. పొద్దుటి సంది మీకోసమే కాసుకొని కూసున్నయ్."

ముందు పెళ్ళికొడుకు నవ్వాడు. తర్వాత సన్నాయి ఆయన. తర్వాత పక్క బెంచీ మీద రైలు కోసం కూర్చున్నవాళ్ళు. మేనత్త మాత్రం నన్ను కొత్తగా చూసింది, పళ్ళెంలో అనుకోని పండేదో దొరికినట్టు.

"బస్టాండులో ఎందుకు కూర్చున్నారే? ఖమ్మం వచ్చేవాళ్ళు స్టేషన్లో దిగుతారు గానీ."

"ఖమ్మం వచ్చేటోళ్ళు బస్టాండ్ల దిగుతరు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలె? అందరు గట్లనే దిగుతరు."

మరదలికి ఎకసెక్కాలాడే హక్కు ఉంటుందని నాకు తెలుసు. ఊళ్ళో పెళ్ళిళ్ళలో వినేదాన్ని, రాసుకునేదాన్ని. ఆ హక్కు నాకూ ఉందని ఆ నిమిషం దాకా తట్టలేదు. తట్టేసరికి తల తిరిగినట్టయింది, ఉయ్యాల మొదటిసారి బాగా పైకి పోయినప్పుడు తిరిగినట్టు.

కానీ పెళ్ళికొడుకు నాన్న నవ్వలేదు. ఆయన లేచి కండువా సర్దుకున్నాడు. తప్పు ఎవరిదైనా, ఎదురుకోలు లేకుండా స్టేషను దాటేది లేదన్నాడు. విజయవాడ వైపు బండి వచ్చే వేళయిందనీ, అందులో మర్యాదగా ఎక్కి వెళ్ళిపోవచ్చుననీ చాలా నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మదికే నాకు భయమేసింది.

పెళ్ళికొడుకు పేపరు మడిచి లేచాడు. "స్టేషను దాటితేనే కదా నాన్నా ఊళ్ళోకి వచ్చినట్టు? మనమింకా బయటే ఉన్నాం. బస్టాండూ ఊరికి బయటిదే. బయట నుంచి బయటికి పోతే తప్పేముంది?"

ఆయన ఆ తర్కాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో చిల్లి కనిపిస్తూనే ఉంది. అయినా కొడుకు మొహం చూసి, సరేనన్నట్టు కర్ర తీసుకున్నాడు. మేనత్త ఒక షరతు పెట్టింది. సన్నాయి ముందు నడవాలి, సన్నాయికి ముందు నేను నడవాలి.

అట్లా ఖమ్మం నడివీధిలో ఒక పెళ్ళిగుంపుకు ముందు నేను నడిచాను. బడిలో ప్రార్థన చదవమంటే జ్వరమొచ్చిన నేను. కొట్లవాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. పెళ్ళికూతురు ముందే నడుస్తుందేంటని ఎవరో అన్నారు, వెనక మేనత్త వాళ్ళకు సమాధానం చెబుతోంది. ఎండ నెత్తిన మండుతోంది, నాకు మాత్రం నవ్వొస్తోంది, ఆపుకుంటే ఎక్కిళ్ళొస్తున్నాయి.

బస్టాండుకు చేరాం. మావాళ్ళెవరూ లేరు.

ఉన్నది నాయనమ్మ ఒక్కతే. సిమెంటు బెంచీ మీద, బిందె పక్కన పెట్టుకుని. నన్ను చూసి, ఎక్కడ తిరుగుతున్నవే, మీ నాయన స్టేషనుకు ఉరికిండు గదా అంది. సంగతి ఇది. ఎవరో కండక్టరు టీ తాగి వస్తూ, స్టేషన్లో ఒక పెళ్ళిగుంపు అలిగి కూర్చున్నట్టుందని చెప్పాడు. నాన్న కాళ్ళమీద పడైనా తీసుకొద్దామని డోళ్ళతో సహా అందరినీ తీసుకుని దగ్గర దారని వెనక రోడ్డున పరుగెత్తాడు. మేము ముందు రోడ్డున వస్తున్నాం.

నాయనమ్మ కళ్ళద్దాలు సర్దుకుని మేనత్తను పైనుంచి కిందికి చూసింది.

"వీళ్ళేనా మనోళ్ళు?"

"మేమేనమ్మా," అంది మేనత్త. "ఎండన పడి వచ్చాం. ఆ పానకం కాస్త పోయించండి, తర్వాత మనోళ్ళమో కాదో చూసుకుందురు."

నాయనమ్మ బిందె వంచి చూపించింది. అడుగున నాలుగు మిరియాలు తప్ప ఏమీ లేవు. మధిర నుంచి ఏ బస్సొచ్చినా మావాళ్ళు డోలు కొట్టి, గ్లాసులతో ఎదురెళ్ళారట. దిగినవాళ్ళు కాదనకుండా తాగి, బాగుందని మెచ్చుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయారట. ఒక ముసలాయన రెండో గ్లాసు అడిగి తాగి, పిల్లను చల్లగా ఉండమని దీవించి మరీ వెళ్ళాడట. చివర్లో మిగిలింది డోలు కొట్టినవాళ్ళు తాగారు. కొట్టినోళ్ళకు దూప గాదా అంది నాయనమ్మ.

మేనత్త నవ్వడానికి నోరు తెరిచింది. అప్పుడే స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. దాని వెనకే మా డోలు, దూరంగా, వేగంగా. తర్వాత రైలు కదిలిన చప్పుడు. డోలు ఆగిపోయింది.

మా ఊళ్ళో పెళ్ళి డోలు మధ్యలో ఆగదు. ఒకరి చేతులు నొప్పెడితే ఇంకొకరు అందుకుంటారు. అది అట్లా తెగినట్టు ఆగిపోవడం నేనెప్పుడూ వినలేదు. నాన్న ఏం చూసి ఉంటాడో నాకు అర్థమైంది. రేకుల షెడ్డు కింద ఖాళీ. రాలిన మల్లెపూలు, అరటి తొక్కలు. కదిలిపోతున్న రైలు తోక. ఆయన ఇప్పుడు సత్రానికి ఏమని కబురు పంపుతాడు? పట్టుచీరలో గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న అక్కకు ఎవరు చెబుతారు?

నేను పెళ్ళికొడుకు నాన్న ముందు నిలబడ్డాను. "మామా, మీరు ఇక్కడ్నుంచి ఎటూ కదలొద్దు. మా నాయన మీరు పోయిన్రనుకుంటున్నడు. నేను జల్దీ వస్త." గట్టిగానే అన్నాను. బస్టాండులో సగం మంది విన్నారు.

ఆయన నా మొహంలోకి చూసి కర్ర పక్కన పెట్టి బెంచీ మీద కూర్చున్నాడు. పోయిరా తల్లీ అన్నాడు. మేనత్త అప్పటికే రిక్షా ఎక్కేసింది. నన్ను చూస్తే గానీ మీ నాన్న నమ్మడు, ఎక్కు అంది. మిగిలిన కాస్త చోటులో నేను ఎక్కాను.

దారిలో ఆవిడ గొంతు తగ్గించింది. "నిజం చెప్పవే. మీ అక్కకి మావాడు నచ్చాడా, మీవాళ్ళు చేసుకోమంటే చేసుకుంటోందా?"

"తునికి పండు తిన్ననాడే నచ్చిండు."

ఆవిడ విసనకర్రతో నా మోకాలి మీద ఒకటేసింది. వీడూ అంతేనట. ఆ పిల్ల కాకపోతే ఉద్యోగం మార్పించుకుని ఎటైనా పోతానన్నాడట. మీ అడవంటే నాకు భయమే, కానీ వాడి మొహం చూసి ఒప్పుకున్నానే అంది. ఆ భారీ మనిషి కూడా పొద్దుటి నుంచి నాలాగే గుండె చేత్తో పట్టుకుని కూర్చుందని తెలిసేసరికి ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ప్లాట్‌ఫాం మీద నాన్న బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు. పక్కన పటేలు తాత, కొమ్ము తలపాగా ఒళ్ళో పెట్టుకుని. ఆట కోసం చేతులు పట్టుకున్న ఆడవాళ్ళు అట్లాగే, ఒకరి చేతులొకరు వదలకుండా, వరసగా కింద కూర్చున్నారు. మేనమామ పట్టాల వైపు చూస్తున్నాడు.

మేనత్త తిన్నగా నాన్న ముందుకు వెళ్ళి నిలబడింది.

"అన్నయ్యగారూ, ముహూర్తం పెట్టుకుని ఏ ఊరికి ప్రయాణం?"

నాన్న లేచాడు. పట్టాల వైపు చెయ్యి చూపించాడు. రైలు పోయింది గదమ్మా అన్నాడు.

"పోతే పోయింది. మేమెక్కలేదు. ఎక్కనిస్తేగా మీ చిన్నది. పోలీసులా ముందు నడిచి బస్టాండుకి లాక్కుపోయింది."

నాన్న నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, మెచ్చుకోలూ కాదు. ఎవరీ అమ్మాయి అన్నట్టు ఉంది. పటేలు తాత గట్టిగా నవ్వి, కోయలో ఏదో అని, తలపాగా పెట్టుకున్నాడు. డోలు మొదటి దెబ్బకు షెడ్డు మీది పావురాలు లేచిపోయాయి.

ఇక మేము ముందు రోడ్డునే బయల్దేరాం, మళ్ళీ తప్పిపోకుండా. బస్టాండులో మగపెళ్ళివారు కూడా కదలకుండా ఉండలేకపోయారు. నాయనమ్మే వాళ్ళను లేపిందట, వియ్యంకుడు ఎదురొస్తుంటే కూర్చుంటారా అని. వాళ్ళూ అదే రోడ్డున వచ్చారు. బజారు మధ్యలో, ఒక సోడా కొట్టు ముందు, డోలూ సన్నాయీ ఎదురుపడ్డాయి. సత్రం నుంచి వెతుక్కుంటూ వచ్చిన పురోహితుడు కూడా అక్కడే తగులుకున్నాడు, చెమటలు కక్కుతూ.

రెండు గుంపులూ ఆగిపోయాయి. ఎవరు ముందుకు రావాలో తెలియదు. ఇది నడిబజారు, పొలిమేర కాదు కదా అన్నాడు పెళ్ళికొడుకు నాన్న. ఊళ్ళోకి వచ్చేశాక ఎదురుకోలు చెల్లుతుందా అని నాన్నకూ అనుమానం వచ్చింది. పురోహితుడు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మీరు అడవి నుంచి వచ్చారు, వాళ్ళు కాలవల నుంచి వచ్చారు. ఇద్దరూ కలిసింది ఇక్కడ. ఇదే పొలిమేర. ముహూర్తం దాటుతోంది, కానీయండి."

అంతే. సోడా కొట్టాయన తన కొట్టు పొలిమేర అయినందుకు పొంగిపోయి గోలీసోడాలు వరసగా కొట్టాడు. నాన్న పానకానికి బదులు సోడా గ్లాసు రెండు చేతులతో వియ్యంకుడికి అందించాడు. నేను మేనత్తకు ఇచ్చాను. ఆవిడ ఒక్క గుక్క తాగి, అది ముక్కులోంచి వచ్చేసరికి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. మీ పానకం కరుస్తోందేమే, ఇదీ పులిదేనా అంది.

డోలుకు సన్నాయి మొదట కలవలేదు. సన్నాయి ఆయన చెవి డోలు వైపు పెట్టి కాసేపు విని, తన పాటను కాస్త సాగదీశాడు. కలిసింది. మా ఊరి ఆడవాళ్ళు భుజాలు పట్టుకుని వరస కట్టారు. వరస చివర ఉన్నామె చేయి చాపింది. ఆ చేయి మేనత్త పట్టుకుంది. పట్టుచీర, అంత శరీరం, ఒక అడుగు ముందుకు, రెండు అడుగులు పక్కకు, తప్పుతూ, నవ్వుతూ. ఒకవైపు భద్రాచలం బస్సు ఆగిపోయింది, ఇంకోవైపు స్టేషనుకు పోయే రిక్షాలు ఆగిపోయాయి. బస్సులోవాళ్ళు తలలు బయటపెట్టి, ఎవరి పెళ్ళి, ఏ ఊరోళ్ళు అని అడుగుతున్నారు. రిక్షాల్లోవాళ్ళు అదే అడుగుతున్నారు, వాళ్ళ యాసలో. ఇరువైపుల వాళ్ళూ ఒకేసారి చెప్పిన జవాబు ఒకటే. ఖమ్మమోళ్ళం. ఎర్రుపాలెం వాళ్ళు ఎర్రుపాలెం అనలేదు, మావాళ్ళు మా ఊరి పేరు చెప్పలేదు. అంత చప్పుడులో అన్ని ఊళ్ళు చెప్పే తీరికెక్కడిది. నేనూ అరిచాను. నా గొంతు అప్పటికే బొంగురుపోయింది.

సత్రం వీధి మలుపు దగ్గర వాళ్ళందరినీ వదిలేసి నేను ముందు పరుగెత్తాను. జడ ఊడింది, చెప్పు ఒకటి ఎక్కడో పోయింది. పెళ్ళికూతురి గదిలో అమ్మ లేదు, చుట్టాలు లేరు, అందరూ వాకిట్లో నిలబడి ఉన్నారు. అక్క ఒక్కతే పీట మీద, నేను వదిలి వెళ్ళినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే. డోలు ఆగిన సంగతి సత్రం దాకా వినిపించిందట. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది.

"వచ్చిండా?"

"వచ్చిండు," అన్నాను. గాలి తప్ప గొంతు రాలేదు.

"ఏంది?"

రెండు చేతులూ ఊపి, తల ఊపి, పంటికి తునికి గింజ అతుక్కున్న మనిషిలా మూతి పెట్టి చూపించాను. అక్క ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతో వచ్చిన కన్నీళ్ళకు బుగ్గన పెట్టిన దిష్టిచుక్క కరిగి మెడదాకా కారింది, కాటుక ముక్కు మీదికి వచ్చింది. నేనూ పీట పక్కన కూలబడి నవ్వాను, చప్పుడు లేకుండా, గొంతు లేదు కాబట్టి. బయట డోలు వాకిట్లోకి వచ్చేసింది. పెళ్ళికూతుర్ని తీసుకురమ్మని పురోహితుడు అరుస్తున్నాడు. లోపలికి పరుగెత్తుకొచ్చిన అమ్మ ఆ మొహం చూసి నెత్తి కొట్టుకుని, తడిగుడ్డ కోసం వెనక్కి పరుగెత్తింది.